లంగరు తెంచాలా, ఆగాలా?

కార్తీకంలో వాయుగుండం కబురు వస్తే మదనపల్లె, పుంగనూరు, కుప్పం రైతులు చెరువు వైపు చూస్తారు. బంగాళాఖాతం కదిలితే గాని ఆ మెట్టసీమలో అలుగులు పారవు. అదే కబురు తీరంలో వేరే ప్రశ్న తెస్తుంది: పడవలో ఉండాలా, వదిలి పోవాలా? ఈ మూడు ఊళ్లకూ ఒకప్పుడు రాజధాని అయిన మద్రాసులో ఆ ప్రశ్న ఏటా తలెత్తేది.

1870ల దాకా మద్రాసుకు హార్బరు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా, ఏ చాటూ లేని నీళ్లలో లంగరు వేసేవి. సరుకులు దించాలంటే మసూలా పడవలే దిక్కు. ఒక్క మేకు కూడా లేకుండా, పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి చేసిన పడవలవి. కెరటం ఎత్తి ఇసుక మీద పడేసినా పలకలు ఒదిగేవే తప్ప విరిగేవి కావు.

గాలి ముదిరితే అవీ ఆగిపోయేవి. అప్పుడు రేవు అధికారి జెండా ఎగరేయించేవాడు. ఓడలన్నీ సముద్రంలోకి వెళ్లిపోవాలని దాని అర్థం. తుఫాను వస్తుంటే నడిసముద్రానికి పొమ్మనడం వింతగా తోస్తుంది గానీ, ఒడ్డు వైపు వీచే గాలికి లంగరు జారితే ఓడ నేలకు కొట్టుకుని బద్దలవుతుంది. బయట సముద్రంలోనైతే గాలికి కొట్టుకుపోవడానికైనా చోటుంటుంది. కాకపోతే గాలి ముదరక ముందే కదలాలి. సగం దిగిన సరుకునూ ఖరీదైన లంగరునూ వదిలేసి పోవడానికి కెప్టెన్లకు మనసొప్పేది కాదు.

ఆలస్యం ఖరీదు పెద్దది. 1746 అక్టోబరులో, మద్రాసును పట్టుకున్న కొద్ది వారాలకే, ఫ్రెంచి సేనాని లా బూర్దొన్నే నౌకాదళంలో దాదాపు 1,200 మంది తుఫానుకు బలయ్యారు.

1761 జనవరి 1న పుదుచ్చేరి ముందు బ్రిటిష్ నౌకాదళం ముట్టడిలో ఉండగా తుఫాను విరుచుకుపడింది. అడ్మిరల్ స్టీవెన్స్ తన ‘నార్‌ఫోక్’ ఓడ లంగరు తాడు నరికించి సముద్రంలోకి పోయాడు. మిగతా ఓడలకు చెప్పడానికి ఫిరంగులు పేల్పించాడు. గాలి హోరులో ఆ మోత ఎవరికీ వినపడలేదు. ఆజ్ఞ రానిదే కదలకూడదన్న క్రమశిక్షణతో వాళ్లు ఆగిపోయారు. మూడు ఓడలు మునిగి సుమారు 1,100 మంది పోయారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన మరో మూడు ఓడల్లో మాత్రం దాదాపు అందరూ బతికారు. అడ్మిరల్ నిర్ణయం సరైనదే, అది చేరవలసిన వాళ్లకు చేరలేదు.

చాటున్న రేవులూ రక్షణ ఇవ్వలేదు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఓడలు కట్టడానికి, బాగుచేయడానికి పేరు పడ్డ చోటు. 1789లోనూ, 1839 నవంబరులోనూ వచ్చిన ఉప్పెనలు ఆ రేవునే ముంచేశాయి.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుఫాను తీరం దాటింది. అప్పటికి భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ల మత్స్యకారులెందరో వేటలో ఉన్నారు. రేవులో ఎగరేసిన ప్రమాద సూచిక నడిసముద్రంలో ఉన్న పడవకు కనపడదు. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, ఎందరో సముద్రంలో గల్లంతయ్యారు.

2021 మేలో తౌక్తే తుఫాను అరేబియా సముద్రంలో విరుచుకుపడే నాటికి హెచ్చరికలు ముందే వచ్చాయి. అయినా ముంబయి దగ్గర పి-305 బార్జి ఒడ్డుకు రాకుండా చమురు క్షేత్రంలోనే ఉండిపోయింది. లంగర్లు తెగి అది మునిగింది. అందులో ఉన్న 261 మందిలో 70 మందికి పైగా తిరిగి రాలేదు.

పడవకూ ఒడ్డుకూ మధ్య సందేశాలు అందించే ట్రాన్స్‌పాండర్లను దేశంలో లక్ష పడవలకు ఉచితంగా అమర్చే పథకం 2024లో మొదలైంది. అవి మన తీరంలోని చిన్న పడవలకూ చేరాలి. దాంతోపాటు పోయిన పడవకూ వలకూ పరిహారం వెంటనే అందాలి. అప్పు చేసి కొన్న పడవను వదిలి ప్రాణం కాపాడుకోమని మత్స్యకారుడికి చెప్పేవాళ్లు, ఆ అప్పు సంగతి కూడా చూడాలి.