ఉద్దానం గాలికి తగిన గ్యాలరీ

మ్యూజియం గ్యాలరీలో పాత ఏసీలు మార్చే పని వచ్చినప్పుడు చర్చంతా టన్నుల చుట్టూ, డిగ్రీల చుట్టూ తిరుగుతుంది. టెక్కలి, పలాస, ఉద్దానం తీరంలోనైతే ముందు తేల్చుకోవలసింది తేమ సంగతి. ఇక్కడ ఎండ కంటే చెమ్మే ఎక్కువ చెరుపు చేస్తుంది: చెక్క ఉబ్బుతుంది, తాటాకు గ్రంథానికి బూజు పడుతుంది, ఉప్పుగాలి తగిలిన కంచు మీద లేత ఆకుపచ్చ పొడి లేస్తుంది. అసలు ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు సాగి రంగులు చెదురుతుంటే, విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు గాలిలో తేమను అదుపు చేసే ఏర్పాటును రూపొందించాడు. మనుషులకు చల్లదనం ఆ తర్వాత దక్కిన లాభం. ఆ మూలం మరచిపోయి, గది చల్లగా ఉంటే వస్తువు భద్రమేనని అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది.

ఈ తీరం వాళ్లకు ఆ తేడా ఎప్పటినుంచో తెలుసు. ఉత్తరాంధ్ర కోస్తాలో ఒకప్పుడు విరివిగా కనిపించిన చుట్టిల్లునే చూడండి. గుండ్రని మందపాటి మట్టిగోడ, నేలకు చేరువగా దిగిన తాటాకు కప్పు. తుపాను గాలికి పట్టు దొరకదు. ముసురులో గోడ చెమ్మను పీల్చుకుని ఎండ కాసినప్పుడు వదులుతుంది కనుక లోపలి తేమ ఉన్నట్టుండి ఎక్కదు, దిగదు. తాళపత్రాలను చెక్క పలకల మధ్య బిగించి, గుడ్డలో చుట్టి, వంటపొగ తగిలే చోట ఉంచడంలోనూ ఇదే తెలివి ఉంది: పొయ్యి వేడికి చెమ్మ ఆరుతుంది, పొగకు పురుగు దూరంగా ఉంటుంది. పలాస జీడి పరిశ్రమ ఇంకా గట్టి సాక్ష్యం. పిక్కలను ఎండబెట్టకుండా నిల్వ చేయరు. కొట్టి తీసిన పప్పును బోర్మా అనే ఆరబెట్టే గదిలో వేడిగాలికి ఆరబెడితేనే పొర వదులుతుంది. మరీ ఆరితే పప్పు పెళుసై విరిగిపోతుంది, గుండుకు వచ్చే ధర ముక్కకు రాదు. ఆరకపోతే బూజు. ఎగుమతి పప్పులో తేమ 5 శాతం మించకూడదని నియమం పెట్టుకున్నది అందుకే. మ్యూజియం సంరక్షకుడు కోరుకునేది కూడా అతి లేని ఈ నిలకడనే.

ఇప్పుడు యంత్రం సంగతి. 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిని 27 డిగ్రీలకు చల్లారిస్తే చాలు, నీటి బొట్లు కట్టడం మొదలవుతుంది. అలాంటి గాలి 22 డిగ్రీలకు చల్లబడిన గ్యాలరీలోకి చొరబడితే గోడలు, రాయి, గాజు అన్నీ చెమరుస్తాయి. అందువల్ల పగలు నడిపి రాత్రి ఆపేసే ఏసీ ఈ తీరంలో మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. అవసరాన్ని మించిన పెద్ద యంత్రమూ అంతే: గది త్వరగా చల్లబడి అది ఆగిపోతుంది, గాలిలోని నీటిని తీసేందుకు వ్యవధి చాలదు. సరైన ఏర్పాటులో గాలిని బాగా చల్లార్చి, నీటిని రాల్చి, మళ్లీ కొంచెం వేడి చేసి గదిలోకి పంపుతారు. మంచు కురవని ఊళ్లో హీటరు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇది. వట్టివేళ్ల తడికలు తడిపి కిటికీలకు కట్టడం హైదరాబాద్ వేసవి పొడిగాలికి సరిపోయింది. ఈ తీరంలోని బారువ గాలికి అది నప్పదు.

దీనికి తుపానును కలిపి ఆలోచించాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, పల్లెలకు రోజుల తరబడి కరెంటు లేదు. తేమ అత్యధికంగా ఉండే రోజులే యంత్రం ఆగిపోయే రోజులు. కనుక హాలంతటికీ కాక వస్తువు చుట్టూ రక్షణ కట్టడం మేలు. హైదరాబాద్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఈజిప్టు మమ్మీకి చేసింది ఇదే. 1930 నుంచి అక్కడున్న ఆ దేహం చెడిపోతుండగా, 2016లో ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ నింపిన పెట్టెలో ఉంచారు. మన దగ్గర అంత ఖరీదైన పెట్టె ప్రతి వస్తువుకూ అక్కర్లేదు. తాటాకు, వస్త్రం, కంచులకు గాలి చొరబడని పెట్టె, అందులో తేమను పీల్చే సిలికా జెల్ చాలు. 1919లో గిడుగు రామమూర్తి గుర్తించిన సాలిహుండం బౌద్ధక్షేత్రంలో దొరికిన తార, మారీచి వంటి రాతి విగ్రహాలకైతే నీడ, గాలి ఆడే చోటు, నేలచెమ్మ ఎక్కని పీఠం ముఖ్యం.

చూడవచ్చేవాళ్లు చెమటలు కక్కాలా అని అడగడం న్యాయమే. కానీ తేమ 60 శాతం లోపు ఉండి ఫ్యాను తిరుగుతుంటే 28 డిగ్రీల గదిలో మనిషి హాయిగానే ఉంటాడు. వస్తువులు అరువిచ్చే పెద్ద మ్యూజియాలు 20 డిగ్రీలు, 50 శాతం తేమ అడుగుతాయన్నది ఇంకో అభ్యంతరం. అలాంటి అంకెలకు బలం చేకూరింది చలిదేశాల అనుభవంతో. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ నేషనల్ గ్యాలరీ చిత్రాలను వేల్స్‌లోని పలకరాతి గనిలో దాచినప్పుడు, నిలకడైన గాలిలో అవి బాగున్నాయని తేలింది. నిజానికి ఆ అనుభవం నేర్పింది నిలకడ విలువను. 2014లో అంతర్జాతీయ సంరక్షక సంస్థలు కూడా స్థానిక వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలని ప్రకటించాయి. ఇక పాత పద్ధతుల్లోనూ చెదలకు ఎన్నో గ్రంథాలు పోయాయి కదా అంటే, పోయాయి. తిరిగి చుట్టిళ్లలోకి వెళ్లమని నేను అనడం లేదు. ఓజోన్ పొరకు హాని చేసే ఆర్-22 వాయువును దశలవారీగా మానేస్తున్నందున పాత ఏసీలను ఎలాగూ మార్చక తప్పదు. ఆ కొత్త టెండరులో టన్నుల కంటే ముందు గంటకు తీయాల్సిన నీరెంతో రాయాలి, కరెంటు లేకుండా వారం గడిచినా పెట్టెల్లో తేమ ఎంత దాటకూడదో రాయాలి.