మిరపకు ముందటి ఊరగాయ

వేసవి వస్తే కోరుకొండ ఇళ్ళలో తోటకాయ తరిగి, ఆవపిండి, ఉప్పు, కారం, నూనె పట్టించి జాడీకి వాసెన కడతారు. మూడవనాడు తిరగకలుపుతారు. ఏడాదంతా వేడి అన్నానికి అదే ఆధారం. ఇది అనాదిగా వస్తున్నదే అనుకుంటాము. కాని 14వ శతాబ్దిలో ముమ్మడి నాయకుడు ఇక్కడ ఏలిన నాటికి మన దేశంలో మిరపకాయే లేదు! అది అమెరికా ఖండాల పంట. 16వ శతాబ్దిలో పోర్చుగీసు ఓడలలో దిగింది. అంతకుముందు ఘాటంటే మిరియము, ఆవ. శ్రీనాథుడు శృంగారనైషధంలో పెళ్ళివిందుకు వడ్డించినవి ఆవపచ్చళ్ళే. వాటి ఘాటు నెత్తికెక్కిందట. నేడు జాడీలో ఎరుపంతా మిరపదే, పేరు మాత్రం ఆవది.

మా అమ్మమ్మ పథ్యానికని కారం వేయని చిన్న జాడీ ఒకటి వేరుగా పెట్టేది. పిల్లలము దానిని చప్పిడి ఊరగాయ అని వెక్కిరించేవారము.