నైలాన్: ముందు రిలీజ్, తర్వాత డాక్యుమెంటేషన్

మొన్న చొక్కా ఇస్త్రీ చేస్తూ పెట్టె మీదున్న డయల్ చూశాను. అన్నిటికంటే తక్కువ వేడి దగ్గర "నైలాన్" అని ఉంది. నైలాన్ 66 కరిగేది సుమారు 265 డిగ్రీల సెల్సియస్ దగ్గర కదా, మరి అంత భయమెందుకు? ఎందుకంటే కరగడానికి చాలా ముందే అది మెత్తబడుతుంది, ముడుచుకుంటుంది. లోపల స్ఫటికాల్లో కూడా కదలిక మొదలవుతుంది. ఆ స్ఫటికాల కథే ఇది.

1930లో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం పాలియెస్టర్ నుంచి దారం తీసింది. సాగదీస్తే పట్టులా మెరిసింది, గట్టిపడింది. ఏం లాభం? వేడినీళ్ళకే పాడైపోయేది. చివరికి వాళ్ళు పాలీఎమైడ్ల వైపు తిరిగారు. 1935 ఫిబ్రవరి 28న నైలాన్ 66 తయారైంది. ఇందులో పక్కపక్క గొలుసులు హైడ్రోజన్ బంధాలతో చేతులు పట్టుకుని నిలబడతాయి. అందుకే అంత వేడికి తట్టుకుంటుంది. 1937లో కరోథర్స్ ఆత్మహత్య చేసుకున్నాడు. 1940 మే 15న నైలాన్ మేజోళ్ళు అమెరికా అంతటా అమ్మకానికొచ్చాయి. ఆయన చూడలేదు.

ఇంతకీ లోపల ఏముందో అప్పటికి పూర్తిగా తెలీదు! 1942లో, అమెరికా నైలాన్ పారాచూట్లకి పోతున్న రోజుల్లో, శత్రుదేశం జర్మనీలో రుడాల్ఫ్ బ్రిల్ పాలీఎమైడ్లని వేడిచేస్తూ ఎక్స్-రేలతో చూశాడు. మామూలు వేడిలో గొలుసుల మధ్య దూరాలు రెండు రకాలు: సుమారు 4.4, 3.7 ఆంగ్‌స్ట్రాములు. వేడి పెరిగేకొద్దీ రెండూ దగ్గరై, కరగకముందే ఒకటైపోయాయి. దీన్నే ఇప్పుడు బ్రిల్ మార్పు అంటారు. అది సరిగ్గా ఎన్ని డిగ్రీల దగ్గరన్నది స్ఫటికం ఎలా తయారైందన్నదాన్ని బట్టి మారుతుంది.

మామూలు వేడిలో ఉండే స్ఫటికం పూర్తి నమూనాని బన్, గార్నర్ 1947లో ఇచ్చారు. బ్రిల్ మార్పులో హైడ్రోజన్ బంధాలు తెగిపోతాయా అన్న వాదన దశాబ్దాలు నడిచింది. చాలావరకు తెగవు, మధ్యలోని కార్బన్ ముక్కలే ఎక్కువ కదులుతాయని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి.

"పని చేస్తోందిగా, ముట్టుకోకు" అనడం మనకి అలవాటే. నైలాన్ కూడా ముందు రిలీజై, తర్వాతే అర్థమైంది. తప్పు లేదు. కానీ రిలీజ్ చేసినవాణ్ణి గుర్తుపెట్టుకున్నంతగా, వేడిపెట్టి చూసినవాణ్ణి మనం గుర్తుపెట్టుకోం. బాధల్లా అదే.