పత్తికట్టె నుండి ఇండక్షన్ పొయ్యి వరకు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో పత్తితీత ముగిసిన పిమ్మట ఎండిన మొక్కలను పీకి, మోపులు కట్టి ఇంటికి చేర్చుకొనుట రైతు కుటుంబములకు తరతరాల అలవాటు. పత్తికట్టె, కందికంప, పిడకలు వారి వంటచెరకు. ఈనాడు అదే ప్రాంతమున కొత్త ఇల్లు కట్టుకొనువారు ఎట్టి ఇండక్షన్ పొయ్యి కొనవలెనని ఆలోచించుచున్నారు. ఈ రెంటికి నడుమ జరిగిన చరిత్ర తెలిసినచో ఆ ప్రశ్నకు సమాధానము కూడ దొరకును.

మూడు రాళ్ల పొయ్యిలో కట్టె ఇచ్చెడి వేడిలో సుమారు పదవ వంతు మాత్రమే గిన్నెకు చేరును. మిగిలినది గాలిలోనికి, పొయ్యి మట్టిలోనికి పోవును. అంతకు మించిన నష్టము పొగవలన కలుగును. కట్టె పూర్తిగా దహనము కానప్పుడు కార్బన్ మోనాక్సైడు, సన్నని మసికణములు వెలువడును. ఊదుగొట్టముతో నిప్పు రాజేయు స్త్రీ కన్నులకు, ఊపిరితిత్తులకు అవి హాని చేయును. ఆమె ఒడిలోని బిడ్డయు ఆ పొగనే పీల్చును.

ఈ బాధను తగ్గించుటకు తెలుగునాట ముందుగానే కృషి జరిగినది. హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజు పొగగొట్టము గల మట్టిపొయ్యిని రూపొందించి, దానిని గురించి 1953లో ఒక పుస్తకము ప్రకటించెను. ఒకే మంటపై పలు పాత్రలు పెట్టుట, పొగను గొట్టము ద్వారా బయటికి పంపుట ఆ పొయ్యిలోని విశేషములు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన దీపం పథకము మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినది. గ్యాసు పొయ్యితో పొగ చాలవరకు పోయినది. కాని మంట గిన్నె వెలుపలనే ఉండుటచే, కొంత వేడి గిన్నె ప్రక్కల నుండి జారిపోవుట మాత్రము మానలేదు.

గిన్నెలోనే వేడి పుట్టించు ఉపాయమునకు మూలము వేరొక చోట ఉన్నది. 1831 ఆగస్టు 29న లండనులో మైకేల్ ఫారడే ఒక ఇనుప వలయముపై రెండు తీగచుట్టలు చుట్టెను. మొదటి చుట్టను బ్యాటరీకి కలిపిన క్షణమునను, విడదీసిన క్షణమునను రెండవ చుట్టలో విద్యుత్తు ప్రవహించుట ఆయన గమనించెను. మారుచున్న అయస్కాంత క్షేత్రము విద్యుత్ ప్రవాహమును ప్రేరేపించునని ఆ ప్రయోగము తెలిపినది. 1855లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకో, అయస్కాంత ధ్రువముల నడుమ తిరుగు రాగిపళ్లెము వేడెక్కునని చూపెను. లోహములో సుడులవలె తిరుగు ప్రేరిత ప్రవాహములే ఆ వేడికి కారణము. ట్రాన్స్‌ఫార్మరులలో ఈ వేడి వృథా గనుక, దానిని తగ్గించుటకై ఇనుప దిమ్మెకు బదులు పలుచని రేకులను పేర్చుదురు. అక్కడ వదిలించుకొనదలచిన వేడియే వంటకు పనికివచ్చినది.

1950 దశకము మధ్యలో అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థకు చెందిన ఫ్రిజిడేర్ శాఖ ప్రదర్శనలలో ఒక వింత చూపినది. పొయ్యికి, గిన్నెకు నడుమ వార్తాపత్రిక నుంచి, కాగితము కాలకుండ నీరు కాచి చూపిరి. 1970 దశకము ఆరంభమున వెస్టింగ్‌హౌస్ పరిశోధకులు ట్రాన్సిస్టర్ల సాయముతో ఇంటికి అనువైన ఇండక్షన్ పొయ్యిని నిర్మించిరి. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు చేయును. పొయ్యిలోని ఎలక్ట్రానిక్ వలయము దానిని 20,000కు పైబడిన ఆవర్తనములుగా మార్చి, గాజుపలక క్రింది రాగి తీగచుట్టకు పంపును. ఆ చుట్ట కల్పించు క్షేత్రము గిన్నె అడుగున ప్రవాహములు పుట్టించును. గిన్నెయే పొయ్యి అగును. గాజుపలక గిన్నె తాకిడి వలన మాత్రమే వేడెక్కును.

కనుక పొయ్యి ఎంచుకొనుటకు ముందు ఇంటిలోని గిన్నెలను పరీక్షింపవలెను. ఇందుకు ఒక చిన్న అయస్కాంతము చాలును. అది అడుగుకు గట్టిగా అంటుకొన్న పాత్ర పనికివచ్చును. ఇనుములో ప్రేరిత ప్రవాహము పైపొరకే పరిమితమగుటచే నిరోధము హెచ్చి, వేడి బాగుగా పుట్టును. రాగి, ఇత్తడి, సత్తుగిన్నెలనబడు అల్యూమినియం పాత్రలు సామాన్యమైన ఇండక్షన్ పొయ్యిపై వేడెక్కవు. మట్టికుండ సంగతి చెప్పనక్కరలేదు. స్టీలు పాత్రలలో కొన్ని పనికివచ్చును, కొన్ని రావు. పాత్ర అడుగు చదునుగా కూడ ఉండవలెను. గుండ్రని అడుగు గల మన పాత పాత్రలు రాళ్ల పొయ్యికి తగినవి.

రెండవది ఇంటి వైరింగు. 2,000 వాట్ల పొయ్యి 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకొనును. 6 ఆంపియర్ల ప్లగ్గు దీనికి చాలదు. ఎర్త్ గల 16 ఆంపియర్ల ప్లగ్గు, తగిన మందపు తీగ గోడలు పూయకమునుపే ఏర్పాటు చేయించుకొనవలెను. అట్టి పొయ్యిపై రెండు లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీల సెంటీగ్రేడుకు కాచుటకు 588 కిలోజౌళ్లు కావలెను. దక్షత 85 శాతమనుకొన్నచో ఆరు నిమిషములలోపే పని పూర్తియగును, యూనిట్టులో అయిదవ వంతుకన్న తక్కువ ఖర్చగును. విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి, ఇంటివద్ద గడియారముతో సరిచూడవచ్చును. లోపలి వలయమును ఫ్యాను చల్లార్చును గనుక పొయ్యి క్రింద గాలి ఆడు సందు విడువవలెను. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకొన్నవారు ముందుగా వైద్యుని సంప్రదింపవలెను.

ఈ పొయ్యి చేయలేని పనులును కలవు. పచ్చడికి వంకాయను మంటపై కాల్చుట, పుల్కాను పొంగించుట దీనిపై సాధ్యము కాదు. కరెంటు పోయినచో వంట ఆగును, కావున ఒక గ్యాసు పొయ్యి ఉంచుకొనుట మేలు. ఇంధనపు పొగ లేకున్నను, ఎండుమిరపకాయల పోపు ఘాటు మాత్రము పోదు. కనుక పొగగొట్టముగాని, గాలి బయటికి పంపు ఫ్యానుగాని తప్పదు.

2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇ.ఇ.ఎస్.ఎల్. దేశమున 20 లక్షల ఇండక్షన్ పొయ్యిలను పంచు కార్యక్రమమును ప్రకటించినది. ఎన్ని పొయ్యిలు వచ్చినను, దాని ముందు రోజూ నిలుచునది వంట చేయువారే. అయస్కాంతమును వారి చేతికిచ్చి, ఏ గిన్నెలు తమకు విడువరానివో ముందు వారినే అడిగి, ఆ పిమ్మట అంగడికి పోవుట మంచిది.