విశాలకోణ కటకములు: తిన్నని గీతయు, గుండ్రని మొగమును

ప్రభుత్వ కార్యాలయములలో ఎవరైన పదవీ విరమణ చేయునపుడు గ్రూపు ఫోటో తీయించుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. అట్టి ఫోటోలను శ్రద్ధగా పరికించినవారికి ఒక విశేషము గోచరింపక మానదు. నడుమ కుర్చీలలో ఆసీనులైన పై అధికారులు ఉన్నవారు ఉన్నట్లే యుందురు. వరుస చివరల నిలిచిన గుమాస్తాలును జవానులును మాత్రము తమకు లేని లావును సంపాదించియుందురు. వారి తలలు గుమ్మడికాయలవలె ప్రక్కకు సాగియుండును. కడపటివానికి జీతమున రాని ఇంక్రిమెంటు దేహమున వచ్చినట్లు కనబడును. ఇరుకు గదిలో నలుబదిమందిని ఒక్క పటములో ఇమిడ్చుటకై ఫోటోగ్రాఫరు విశాలకోణ కటకమును, అనగా వైడ్ యాంగిల్ లెన్సును, వాడినందున ఇట్లు జరుగును. "ఆ లెన్సు మంచిది కాదు" అని అందరును అందురు. ఆ నింద అన్యాయమైనది. విచారించి చూచినచో, లెన్సు మిక్కిలి మంచిది అగుటచేతనే ఆ తలలు సాగినవి. ఈ మాట విపరీతముగా తోచవచ్చును గాని దీని వెనుక ఐదువందల యేండ్ల చరిత్ర కలదు.

విరూపము అను ఒక్క పేరుతో మనము మూడు వేర్వేరు విషయములను కలిపి చెప్పుకొనుచున్నాము. మొదటిది వంపు. గోడ అంచు, తలుపు చట్రము, స్తంభము వంటి తిన్నని గీతలు ఫోటోలో విల్లువలె వంగుట. అవి వెలుపలికి ఉబ్బి పటము పీపావలె కనబడుట ఒక తీరు. లోపలికి నొక్కుకొనిపోయి, మూలలు పట్టి లాగిన దిండువలె కనబడుట మరియొక తీరు. ఇది నిజముగా కటకముయొక్క దోషమే. రెండవది సాగుదల. గీతలను ఏమాత్రమును వంచని కటకముతో, పటమధ్యమునుండి 45 డిగ్రీల ప్రక్కన నున్న బంతిని ఫోటో తీసినచో, అది గుండ్రముగా పడదు. ఒక దిక్కున సుమారు 1.4 రెట్లు సాగి కోడిగ్రుడ్డువలె పడును. ఇందు కటకము చేసిన తప్పు ఏదియు లేదు. ఏటవాలుగా వచ్చు కిరణములు సమతలమైన ఫిల్ముపై పడినపుడు జ్యామితి కోరునది అంతే. మూడవది వాలు. కెమెరాను పైకెత్తి ఎత్తైన కట్టడమును తీసినపుడు దాని నిలువు గీతలు పైకి పోనుపోను ఒకదానికొకటి దగ్గరగుట. ఇది కెమెరాను పట్టుకొన్న తీరునుబట్టి వచ్చునది.

మొదటి రెండింటికిని ఉన్న వైరమే ఈ చరిత్రకు మూలము. మన కంటి చుట్టునున్న దృశ్యము ఒక గోళపు లోపలి తలమువంటిది, ఫోటో సమతలము. గోళతలమును ఏ వికారమును లేకుండ సమతలముపై పరచుట సాధ్యము కాదని గాస్ పండితుడు 1827లో గణితముచే నిరూపించెను. గోడపటములలో గ్రీన్‌లాండు ద్వీపము ఆఫ్రికా ఖండమంతగా కనబడుటకు ఏది హేతువో, గ్రూపు ఫోటోలో కడపటి గుమాస్తా లావగుటకును అదియే హేతువు. విశాలమైన దృశ్యమును పట్టదలచినచో, గీతలను తిన్నగా నిలిపిన రూపములు సాగును. రూపములను నిలిపిన గీతలు వంగును. రెంటిని ఒక్కసారి నిలుపుట ఎవరి తరమును కాదు.

ఈ చిక్కును మొదట ఎరిగినవారు ఫోటోగ్రాఫరులు కారు, చిత్రకారులు. వరుసగా నిలిచిన స్తంభములను దూరదృశ్య సూత్రముల ప్రకారము వ్రాసినచో, దూరముననున్న చివరి స్తంభము కంటికి సన్నగా తోచవలసియుండగా పటమున లావుగా వచ్చునని లియొనార్డో డావించి గ్రహించెను. రాఫెయల్ 1509–1511 నడుమ వాటికన్ ప్రాసాదమున రచించిన "ఏథెన్సు విద్యాపీఠము" అను కుడ్యచిత్రములో కుడివైపు చివర టోలమీ భూగోళమును, జొరాస్టరుగా చెప్పబడు మరియొకరు ఖగోళమును చేత ధరించియుందురు. వెనుకనున్న కమానులు, నేలరాళ్లు అన్నియు దూరదృశ్య సూత్రములకు కట్టుబడినవే. ఆ లెక్క ప్రకారము అంచుననున్న ఈ రెండు గోళములును కోడిగ్రుడ్లవలె ఉండవలెను. రాఫెయల్ వాటిని చక్కని వృత్తములుగనే వ్రాసెను. మనుష్యులను కూడ సాగదీయలేదు. అనగా కట్టడమునకు ఒక న్యాయము, గోళమునకును మనిషికిని మరియొక న్యాయము. కుంచె పట్టినవానికి ఈ స్వేచ్ఛ కలదు. కటకమునకు లేదు.

1839లో ఫోటోగ్రఫీ లోకమునకు వెల్లడియైన పిమ్మట కొంతకాలము విశాలకోణము సంగతి ఎవరును తలపెట్టలేదు. ఇరుకు వీధులలోని చర్చిలను, కోటలను తీయదలచినపుడే చిక్కు ఏర్పడెను. 1859లో ఇంగ్లండు దేశీయుడు థామస్ సట్టన్ నీటితో నింపిన గాజుగోళమును కటకముగా చేసి సుమారు 120 డిగ్రీల దృశ్యమును పట్టెను. అయితే దానికి వంపు తిరిగిన గాజు పలకలు కావలెను. ఆ పలకలపై తడి మందును సమముగా పూయుట, వాటిని అచ్చు వేయుట ఎంత ప్రయాసయో ఊహింపవచ్చును. ఆ పద్ధతి నిలువలేదు. (1861లో మాక్స్‌వెల్ ప్రదర్శించిన తొలి రంగుల ఫోటోను తీసినవాడును ఈ సట్టనే.)

కటకపు వంపునకు మందు మరియొక చోట దొరకెను. ఒంటి కటకమునకు ముందు కాంతిద్వారమును ఉంచినచో గీతలు పీపావలె ఉబ్బును. వెనుక ఉంచినచో దిండువలె నొక్కుకొనును. కనుక ఒకేవిధమైన రెండు కటకములను ఎదురెదురుగా అమర్చి, ద్వారమును సరిగా నడుమ ఉంచినచో, ముందుదాని ఉబ్బును వెనుకదాని నొక్కు హరించును. ఇంత సులభమైన ఉపాయము! 1865లో జర్మనీలో ఎమిల్ బుష్ తయారుచేసిన పాంటోస్కోపు ఈ మార్గమున నడచినదే. మరుసటి సంవత్సరము, 1866లో, లండనులో డాల్‌మేయరును మ్యూనిచ్‌లో స్టైన్‌హైలును ఒకరి నొకరు ఎరుగకయే ఇట్టి జంట కటకములను వెలువరించిరి. డాల్‌మేయరు తన కటకమునకు "రాపిడ్ రెక్టిలీనియర్" అని, అనగా తిన్నని గీతలను ఇచ్చునదని, పేరు పెట్టుటయే నాటి ఆరాటమునకు నిదర్శనము.

ఆ కటకములు పుట్టకమునుపే మన దక్షిణదేశమున ఒకరు వేరొక త్రోవను అనుసరించిరి. మద్రాసు రాజధాని ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా 1856లో నియుక్తుడైన కాప్టెన్ లినేయస్ ట్రైప్, 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానముపైనున్న శాసనములను పటము తీయబూనెను. పొడవైన గోడ, చిన్న అక్షరములు. ఒక్కచోట నిలిచి విశాలముగా పట్టినచో అంచులలోని అక్షరములు సాగును, లేదా వంగును. శాసనము చదువువానికి రెండును పనికిరావు. ట్రైప్ కెమెరానే గోడ వెంబడి కొంచెము కొంచెముగా జరుపుచు, ప్రతి ముక్కను ఎదురుగా నిలిచి తీసెను. 21 ముద్రలను జతపరుపగా సుమారు 19 అడుగుల పొడవైన పటము సిద్ధమాయెను. నేటికిని ఒక కుడ్యమును నమ్మకముగా పటము తీయవలెనన్న ఇంతకు మించిన మార్గము లేదని నా అభిప్రాయము. ఖర్చు ఎక్కువయని మద్రాసు ప్రభుత్వము ఆ శాఖను 1860 నాటికి మూసివేసెను. పొదుపు ఉత్తరువులు మొదట ఎవరిపై పడునో కచేరీలలో పనిచేయువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

అదే 1858లో జర్మనీలోని వెట్స్‌లర్ నగరపు పెద్ద చర్చిని కొలుచుటకై ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ అను యువ వాస్తుశిల్పి నియుక్తుడై, వ్రేలాడు బుట్టనుండి గోపురములోనికి అడుగిడబోవుచు తృటిలో మరణము తప్పించుకొనెను. ప్రాణమునకు తెగించి కొలుచుటకు మారుగా ఫోటోనుండి కొలతలు తీయరాదా యన్న ఆలోచన ఆయనకు అప్పుడు కలిగెను. ఆలోచన మంచిదే, కాని గీత వంగిన ఫోటోనుండి కొలత తీయుట వంకర కొలబద్దతో బట్ట కొలుచుట వంటిది. బుష్‌గారి పాంటోస్కోపు వచ్చిన పిమ్మటనే ఆయన కోరిక ఫలించెను. 1885లో ప్రష్యా ప్రభుత్వము బెర్లినులో ఆయన ఆధ్వర్యమున ఇందుకై ఒక సంస్థను నెలకొల్పెను. 1909 వరకు సుమారు 16,000 పలకలు అచట సిద్ధమైనవి. రెండవ ప్రపంచయుద్ధమున నేలమట్టమైన కట్టడములలో కొన్నింటిని మరల లేపునపుడు ఆ పలకలే ఆధారమైనవి. తిన్నని గీతకై అంత ఆరాటమెందుకని అడుగువారికి ఇది సమాధానము.

1900లో గోయెర్జ్ సంస్థకు ఎమిల్ ఫాన్ హోఎగ్ రూపొందించిన హైపర్‌గాన్ ఈ యుద్ధమును దాదాపు ముగించెను. రెండే పలుచని కటకములు, అర్ధగోళములవలె ఎదురెదురుగా. దృశ్యకోణము 135 డిగ్రీలకు పైమాట. గీతలలో వంపు లేదు. అయితే కోణము పెరిగినకొలది అంచులకు వెలుతురు చాలదు. 60 డిగ్రీల ప్రక్కన మధ్యముతో పోల్చిన పదునారవ వంతు మాత్రమే అందును. అందుచే కటకము ముందు నక్షత్రాకారపు చిన్న రేకును అమర్చి, రబ్బరు గొట్టముతో గాలి ఊది దానిని గిరగిర తిప్పుచు మధ్యపు వెలుతురును అడ్డగించెడివారు. ఇన్ని తంటాలు పడి గీతలను తిన్నగా చేయగనే, అంతవరకు వంపుచాటున దాగియున్న సాగుదల పూర్తిగా బయటపడెను. గ్రూపు ఫోటోలోని గుమ్మడికాయ తల అట్లు కటకపు విజయమునకు చిహ్నమే యైనది.

దీనికి ఒక చికిత్స కలదు, కాని ఎవరును పాటింపరు. కటకము చూచిన కోణముననే మన కన్నును చూచినచో సాగుదల మాయమగును. 24 మిల్లీమీటరుల కటకముతో తీసిన చిన్న ఫిల్మును పది రెట్లు పెద్దదిగా అచ్చొత్తించినచో, 24 సెంటీమీటరుల దూరమునుండి ఒంటికంటితో మధ్యభాగమునకెదురుగా చూడవలెను. గోడకు తగిలించిన పటమును అంత దగ్గరకు పోయి చూచువారెవ్వరు? తీయువాడు చేయదగినది ఒక్కటే: వీలైనంత వెనుకకు జరిగి మనుష్యులను అంచులకు చేర్చకుండుట.

ఇక వాలు. చార్మినారుకు దగ్గరగా నిలిచి కెమెరాను పైకెత్తినచో నాలుగు మీనారులును తలలు ఒకచోట చేర్చి రహస్యమాడుచున్నట్లు కనబడును. వానిని చూచి ఇది ఫోటో దోషమని ఎవడైన గ్రహించును. ఢిల్లీలోని కుతుబ్‌మీనారు సంగతి అట్లు కాదు. సుమారు 72.5 మీటరుల ఎత్తుగల ఆ కట్టడము మొదట 14.3 మీటరుల వ్యాసము కలిగి, శిఖరమున 2.75 మీటరులకు తగ్గును. అది నిజముగనే సన్నగిలు నిర్మాణము. పైకెత్తిన కెమెరా దానికి మరికొంత సన్నదనమును చేర్చినచో, శిల్పి ఇచ్చినదెంత, కెమెరా ఇచ్చినదెంత అని చూచువానికి తెలియదు. తెలియు వికారముకంటె తెలియని వికారము ప్రమాదకరము. పూర్వపు పెద్ద కెమెరాలలో దీనికి నివారణ యుండెడిది: కెమెరాను నేలకు సమముగా ఉంచి, కటకపు పలకను మాత్రము పైకి జరుపుట. చేతి కెమెరాల కాలమున ఆ సౌకర్యము లోపించెను. 1962 ప్రాంతమున జపానుదేశపు నికాన్ సంస్థ ప్రక్కకు జరుపదగిన 35 మిల్లీమీటరుల కటకమును వెలువరించి దానిని మరల తెచ్చెను. ఆ సంస్థయే ఆ రోజులలోనే మత్స్యనేత్ర కటకమును కూడ విక్రయించుట గమనింపదగినది. అది తిన్నని గీతను పూర్తిగా వదలుకొని, ఆకాశమునంతయు ఒక వృత్తములో పట్టును. 1924లో రాబిన్ హిల్ మేఘములను ఫోటో తీయుటకై ఇట్టి దానినే కల్పించియుండెను. మేఘములకు తిన్నని గీతలతో పనిలేదు గదా.

కటకముననే అన్నియు సరిచేయవలెనను పట్టుదల క్రమముగా సడలెను. దోషమును కొలిచి, గణితముచే తీసివేయవచ్చునన్న మార్గము బలపడెను. 1919లో కాన్రడీ, 1966లో డ్యూఏన్ బ్రౌన్ ఇచ్చిన సూత్రములే నేటి కంప్యూటరు సవరణలకు ఆధారములు. 1971లో బ్రౌన్ వివరించిన పరీక్ష మన తాపీమేస్త్రీలకు సైతము నచ్చునట్టిది. గుండ్లు కట్టిన దారములను నిలువుగా వ్రేలాడదీసి ఫోటో తీయుట. దారము తిన్ననిదని మనకు తెలియును గనుక ఫోటోలో అది ఎంత వంగినదో అంతయు కటకపు దోషమే. 1969 జూలైలో చంద్రునిపైకి పోయిన హాసెల్‌బ్లాడ్ కెమెరాలో ఫిల్మునకు ముందు 25 చిన్న ప్లస్ గుర్తులు చెక్కిన గాజుపలకను అమర్చుటయు ఇట్టి జాగ్రత్తయే. గుర్తుల నడుమ దూరము మారినచో ఫిల్ము ఎచట సాగినదో తెలియును.

ఇప్పుడు ఈ సవరణ మన జేబులోని సెల్‌ఫోనుకు వచ్చినది. 2019లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన పద్ధతి ప్రకారము, ఫోను పటములోని మొగములను తానే గుర్తించి, వాటివరకు రూపమును కాపాడు విక్షేపమును, తక్కిన గోడలకును స్తంభములకును గీతను కాపాడు విక్షేపమును వర్తింపజేసి, రెంటి నడుమ అతుకు కనబడకుండ సర్దును. రాఫెయల్ చేసినది ఇదియే. మొగములకు వాడిన ఆ విక్షేపమును టోలమీ తన ఖగోళ గ్రంథములలో ఒకదానియందు వర్ణించియున్నాడు.

కుటుంబపు ఫోటోలకు ఈ సర్దుబాటు మేలే. శాసనములు, దేవాలయములు, పాత భవనములు మొదలగువానిని దస్త్రము కొరకు తీయువారు మాత్రము ఒక సంగతి మరువరాదు. సవరించిన పటమున ఏ భాగమును ఎంత జరిపినదో ఫోను పటముపై వ్రాసి యుంచదు. అట్టి పనికి సవరణ లేని మూలప్రతిని వేరుగా భద్రపరచి, చట్రములో ఒక తిన్నని కొలబద్దను గోడకు ఆనించి తీయుట మంచిది.