విలీనానికి సంతకం పెట్టిందీ ఆయనే.. విడిపోదామన్నదీ ఆయనే! మర్పల్లి మండలం నుంచి మొదలయ్యే 1956 కథ

వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో సిరిపురం అని ఓ ఊరుంది. మాజీ ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి పుట్టింది అక్కడే. ఆంధ్రతో తెలంగాణను కలపాలా, వద్దా అన్న ప్రశ్నపై ఇక్కడి జనం ఎటువైపు ఉన్నారో తెలుసుకోవాలంటే ఆయన రాజకీయ జీవితాన్ని చూస్తే చాలావరకు అర్థమైపోతుంది. ఎందుకంటే ఆయన రెండు వైపులా నిలబడ్డారు మరి!

1955లో ఫజల్ అలీ కమిషన్ (రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం) నివేదిక ఇచ్చింది. తెలంగాణను వెంటనే ఆంధ్రలో కలపొద్దని చెప్పింది. కొన్నాళ్లు హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలన్నది సూచన. అంటే జనం మనసులో ఏముందో ఇంకా తేలలేదని కమిషనే ఒప్పుకున్నట్టు. కేవీ రంగారెడ్డి, చెన్నారెడ్డి అప్పట్లో ప్రత్యేక తెలంగాణ వైపే ఉన్నారు.

కానీ అంతదాకా ఎవరూ ఆగలేదు. 1955 చివర్లో హైదరాబాద్ అసెంబ్లీలో 147 మంది సభ్యులు అభిప్రాయం చెప్పారు. విశాలాంధ్రకు 103 మంది ఓకే అన్నారు. 29 మంది వద్దన్నారు. 15 మంది తటస్థం. లెక్క చూస్తే తేడా పెద్దదే. కాకపోతే ఇది సభ్యుల మాట. ఊళ్లలో జనాన్ని ఓటు ద్వారా అడిగింది లేదు. తర్వాత జరిగిన గొడవలకు మూలం ఇక్కడే ఉంది.

అందుకే షరతులు పెట్టారు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన ఆ ఒప్పందానికే పెద్దమనుషుల ఒప్పందం అని పేరు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కేవీ రంగారెడ్డి, జేవీ నర్సింగరావులతో పాటు చెన్నారెడ్డి కూడా సంతకం పెట్టారు. ముల్కీలకు, అంటే 12 ఏళ్లుగా ఇక్కడున్న స్థానికులకే తెలంగాణలో ఉద్యోగాలు. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే. సీఎం ఒక ప్రాంతం వారైతే డిప్యూటీ సీఎం మరో ప్రాంతం వారు. ఇలా చాలానే రాసుకున్నారు. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డి తొలి సర్కారులో డిప్యూటీ సీఎం పదవే లేదు! కాగితం మీద సిరా ఆరకముందే అనుమానం మొదలైందన్నమాట.

ఇంకో సంగతి. ఇప్పుడు ఇదే జిల్లాలో ఉన్న తాండూరు, కొడంగల్ తాలూకాలు అప్పటిదాకా గుల్బర్గా జిల్లావి. 1956లో భాషను బట్టి గీతలు గీసినప్పుడు తాండూరు హైదరాబాద్ జిల్లాకు, కొడంగల్ మహబూబ్‌నగర్‌కు వచ్చాయి. కాబట్టి కలవడం, విడిపోవడం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు.

1969లో ఉద్యోగాల రక్షణలు అమలు కావడం లేదంటూ విద్యార్థులు, ఎన్జీవోలు రోడ్డెక్కారు. అప్పటికి చెన్నారెడ్డి పరిస్థితి కూడా బాగోలేదు. 1967లో తాండూరు నుంచి గెలిచిన ఆయన ఎన్నికను కోర్టు రద్దు చేసి, ఆరేళ్లు పోటీకి అనర్హుడిని చేసింది. ఆ వెంటనే ఉద్యమంలోకి వచ్చి తెలంగాణ ప్రజాసమితి పగ్గాలు పట్టారు. పదవి పోయింది కాబట్టే వచ్చారని విమర్శించినవాళ్లూ ఉన్నారు. అందులో కొంత నిజం ఉండొచ్చు కూడా. కానీ జనం కోపం మాత్రం ఆయన సృష్టించింది కాదు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 ప్రజాసమితికే దక్కాయి. 1955లో జనాన్ని అడగని ప్రశ్నకు ఇలా జవాబొచ్చింది.

ట్విస్ట్ ఏంటంటే, అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఓటేసిన జనం నోరెళ్లబెట్టారు. చెన్నారెడ్డి మాత్రం 1978లో ఉమ్మడి రాష్ట్రానికే సీఎం అయ్యారు. ఆ ఆగస్టులోనే రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. పేరు, ఆయనతో పాటు సంతకం పెట్టిన ఆ కేవీ రంగారెడ్డిదే.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 2016లో మర్పల్లి కొత్త వికారాబాద్ జిల్లాలోకి మారింది. మరి గొడవ ముగిసిందా? లేదు! 2018లో కొత్త జోన్లు వచ్చినప్పుడు వికారాబాద్‌ను మహబూబ్‌నగర్ వైపు జోగులాంబ జోన్‌లో కలిపారు. మమ్మల్ని హైదరాబాద్ ఉన్న చార్మినార్ జోన్‌లోనే ఉంచండంటూ జిల్లాలో ఆందోళనలు జరిగాయి. ఇక్కడి పిల్లలకు చదువైనా, కొలువైనా నగరమే దిక్కు. పైగా కొత్త విధానంలో 95 శాతం పోస్టులు స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. జోన్ మారితే జోనల్ పోస్టులకు హైదరాబాద్, రంగారెడ్డిలో నాన్‌లోకల్ అయిపోతారు. 1956లో ముల్కీ పేరుతో అడిగింది కూడా ఇంచుమించు ఇదే.

చివరకు 2021లో రాష్ట్రపతి ఉత్తర్వులను సవరించి వికారాబాద్‌ను చార్మినార్ జోన్‌లోకి మార్చారు.