కాటా కాడి నుంచి అసెంబ్లీకి

ఒరే అబ్బాయిలూ, ఆ పత్తికట్టె ఇంకో రెండు మంటలోకి ఎగదోయండి. ఎలక్షన్ల సంగతి అడిగారుగా, చిలకలూరిపేట ముచ్చట చెబుతా వినండి.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలవలకి వదిలాక మన నల్లరేగడి రూపే మారింది. పొగాకు వేసేవాళ్లు పత్తికి దిగారు. వరలక్ష్మి రకం వచ్చింది, ఎంసీయూ-5 వచ్చింది. పత్తితో పాటే కమిషన్ కొట్లు, జిన్నింగు మిల్లులు లేచినై. నేనూ ఒక కొట్లో గుమస్తాగా చేశా. రైతుకి విత్తనం అప్పు, ఎరువు అప్పు, మందుడబ్బా అప్పు. పిల్ల పెళ్లికి చేబదులూ అక్కడే. పంట చేతికొస్తే సరుకు ఆ కొట్టుకే తోలాలి. తేమ ఉందని తరుగు తీస్తారు, ధర షావుకారు చెప్పిందే. కిట్టదని బండి వెనక్కి తిప్పుకుపోయే ధైర్యం ఎవడికుంది, చిట్టా ఆయన చేతిలో ఉంటే?

1987లో తెల్లదోమ ఊడ్చిపెట్టినప్పుడు ప్రకాశం జిల్లాలో పత్తి రైతులు చేలోకి తెచ్చిన పురుగుమందే తాగి పోయారు. ఆ ఏడు మా చిట్టాలో రాబడి పేజీలన్నీ తెల్లగానే ఉండిపోయినై. వద్దులే, ఆ మాట ఇంకొద్దు.

నే చెప్పొచ్చేదేంటంటే, ఎవరింట్లో పిల్ల పెళ్లికుంది, ఎవరి ఎద్దు పోయింది, ఏ అన్నదమ్ములకి గట్టు తగాదా ఉంది, ఇవన్నీ కరణం కంటే ముందు కొట్టాయనకే తెలిసేవి. పార్టీలవాళ్లకి కావాల్సిందీ ఆ ఎరికే. అందుకే మన దిక్కున ప్లీడర్లతో పాటు వ్యాపారస్తులూ రాజకీయాల్లోకొచ్చారు. గుంటూరులో రాయపాటి సాంబశివరావుదీ వ్యాపారమే. పేటలో ప్రత్తిపాటి పుల్లారావు పత్తి వ్యాపారం నుంచే వచ్చి, 1999లో తెలుగుదేశం తరఫున ఎమ్మెల్యే అయ్యాడు.

ఐదేళ్లు తిరిగేసరికి 2004లో మర్రి రాజశేఖర్, అదీ ఇండిపెండెంటుగా, 212 ఓట్లతో ఆయన్ని ఓడించాడు. ఒక చిన్న పల్లెలో నాలుగు బజార్ల ఓట్లు! బాకీకి నోటు రాసిచ్చినట్టు ఓటు రాసివ్వడు గదా రైతు. వ్యాపారంలో మునిగినవాళ్లు చాలామంది మళ్లీ మార్కెట్ మొహం చూడరు, ఓడినా పుల్లారావు మాత్రం ఊళ్లు తిరగడం మానలేదు. 2009లో గెలిచాడు, 2014లోనూ గెలిచాడు. ఈసారి ఏకంగా వ్యవసాయ మంత్రి.

ఇక్కడే ఉందిరా తిరకాసు. నిన్నటిదాకా ధర తగ్గితే వ్యాపారికి లాభం. మంత్రి కుర్చీలో కూర్చున్నాక ధర తగ్గితే జనం నిలేసేది ఆయన్నే. 2017లో మిరప ధర పడిపోయి గుంటూరు యార్డులో టిక్కీలు, అదే మిరప బస్తాలు, కొండల్లా పేరుకుపోయినై. తేజ రకం తెచ్చినవాడికీ ఏడుపే, తాలుకాయలు తెచ్చినవాణ్ణి అడిగేవాడే లేడు. ప్రభుత్వం క్వింటాకి 1,500 చొప్పున, మనిషికి 20 క్వింటాళ్ల దాకా పైన ఇస్తానంది. సరిగ్గా ఆ ఏప్రిల్లోనే వ్యవసాయ శాఖ సోమిరెడ్డి చంద్రమోహన్ రెడ్డికి పోయి, పుల్లారావుకి పౌరసరఫరాలు వచ్చినై.

2019లో విడదల రజిని చేతిలో మళ్లీ ఓటమి. 2024లో అప్పటి గుంటూరు మేయరు కావటి మనోహర్ నాయుడి మీద మళ్లీ గెలుపు. ఈ మధ్యలో పేట కాస్తా పల్నాడు జిల్లాలో కలిసింది. నాకైతే నోరు తిరగదు, ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే అంటా.